గ్లాస్గో కోమా స్కేలు (జీసీఎస్)లో చేతి కదలికకి ఎం4 రాయాలా, ఎం5 రాయాలా? నొప్పి పెట్టి స్పృహ చూసేటప్పుడు మీరు ఎక్కడ నొక్కుతున్నారు?

కొత్తకేప్:
న్యూరో ఐసీయూలో ఈమధ్యే చేరాను. నిన్న రాత్రి నా బెడ్‌లో బైక్ మీంచి పడిన కుర్రాడున్నాడు. హెల్మెట్ లేదు. సీటీ స్కాన్‌లో మెదడు ముందు భాగం రెండు వైపులా కమిలి ఉంది. ఆపరేషన్ ఇప్పుడే వద్దు, అరగంటకోసారి జీసీఎస్ (కళ్ళకి ఈ, మాటకి వీ, చేతి కదలికకి ఎం అని వేసే స్పృహ స్కోరు) చూడండి అన్నారు. పగటి సిస్టర్ ఎం5 అని హ్యాండోవర్ ఇచ్చి వెళ్ళారు. నేను వేలి మీద పెన్నుతో నొక్కితే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు, అంతే. ఎం4 రాశాను. ఒక పాయింట్ తగ్గిందని డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేస్తే ఆయన పరుగున వచ్చి, రొమ్ము ఎముక మీద పిడికిలితో రుద్ది "చెయ్యి పైకొస్తోంది కదా, ఎం5 యే" అన్నారు. పగటి సిస్టర్‌ని వాట్సాప్‌లో అడిగితే ఆవిడ మెడ పక్క కండ పట్టుకుని నొక్కారట. మళ్ళీ సీటీకి పంపాలా వద్దా అని అర్ధరాత్రి పెద్ద చర్చ అయింది. ఇంతకీ చార్ట్‌లో ఏం ఉండాలి?

న్యూరోవార్డు_అక్క:
మీ ముగ్గురూ ఒకే పేషెంట్‌ని చూశారు గానీ ఒకే పరీక్ష చెయ్యలేదు. గొడవంతా అక్కడే.

వేలి కొస మీద నొక్కితే ఎం5 తేలదమ్మా. వేలికి నొప్పి పుడితే వేలు లాక్కుంటాడు, అంతకంటే చూపించడానికి ఏముంది? నొప్పి ఎక్కడుందో కనిపెట్టి, చేతిని అక్కడికి పంపి, నీ చేతిని తోసెయ్యాలని చూస్తేనే ఎం5. అది తెలియాలంటే నొప్పి తల దగ్గరో మెడ దగ్గరో పెట్టాలి, చెయ్యి కాలర్ బోన్ దాటి పైకి రావాలి. పగటి సిస్టర్ నొక్కిన చోటు సరైనదే.

రొమ్ము మీద రుద్దడం నాకు అసలు నచ్చదు. కారణం చెప్తాను. మెదడు బాగా దెబ్బతిన్నవాళ్ళలో మోచెయ్యి మెల్లగా ముడుచుకుని, మణికట్టు వంగి, చెయ్యి ఛాతీ మీదికి వస్తుంది. అది ఎం3. నువ్వు ఛాతీ మీదే రుద్దుతుంటే ఆ చెయ్యి నీ చేతి కోసమే వచ్చిందనిపిస్తుంది. ఎం3 ని ఎం5 అని రాసేస్తాం. రెండింటికీ మధ్య ఎంత తేడానో నీకు చెప్పక్కర్లేదు.

నేను చేసే వరస ఇది. ముందు దూరంగా నిలబడి చూస్తా, కళ్ళు వాటంతటవే తెరుచుకున్నాయా అని. తర్వాత పేరు పెట్టి పిలుస్తా, గట్టిగా కూడా పిలుస్తా. మాట వినకపోతేనే నొప్పి. ముందు వేలి కొస పక్కన పెన్ను ఆనించి మెల్లగా ఒత్తిడి పెంచుతా, మహా అయితే పది సెకన్లు. కళ్ళు తెరుస్తాడా, చెయ్యి ఏం చేస్తుందో చూస్తా. తర్వాత మెడకీ భుజానికీ మధ్య కండని బొటనవేలూ రెండు వేళ్ళ మధ్య పట్టుకుని మెలిపెడతా. దానికీ స్పష్టత రాకపోతే కనుబొమ కింద ఎముక అంచులో చిన్న గాడి ఉంటుంది, అక్కడ బొటనవేలితో నొక్కుతా. మొహం ఎముకలు విరిగాయన్న అనుమానం ఉంటే ఆ గాడి జోలికి పోవద్దు. ఇంకోటి, కనుబొమ దగ్గర నొక్కి కళ్ళ స్కోరు చూడకూడదు. అక్కడ నొక్కితే ఎవరైనా కళ్ళు ఇంకా గట్టిగా మూసుకుంటారు.

కత్తిడాక్టర్:
అక్క చెప్పినదానికి ఒకటి కలుపుతా. రెండు చేతులూ చూడండి, బాగున్న చెయ్యి స్కోరే జీసీఎస్‌లో రాయండి. కుడి చెయ్యి ఎం5, ఎడమ చెయ్యి ఎం3 అయితే స్కోరు ఎం5, కానీ పక్కన "ఎడమ ముడుచుకుంటోంది" అని రాయకపోతే మాకు సగం విషయం పోయినట్టే. కాళ్ళు గిచ్చి స్కోరు వెయ్యకండి. వెన్నుపాము స్థాయిలోనే కాలు ముడుచుకునే రిఫ్లెక్స్ ఉంటుంది, దానికి మెదడుతో పని లేదు.

ఇక ఫోన్ సంగతి. రాత్రి రెండింటికి లేపి "సార్, జీసీఎస్ 9" అంటే నేనేం చెయ్యాలి? ఈ2 వీ2 ఎం5 కూడా 9, ఈ4 వీ1 ఎం4 కూడా 9. మొదటివాడు మగతలో ఉండి మూలుగుతూ నా చెయ్యి తోసేస్తున్నాడు. రెండోవాడు కళ్ళు తెరిచి చూస్తున్నాడు, నోట్లోంచి శబ్దం లేదు, చెయ్యి లాక్కోవడం తప్ప ఏమీ లేదు. ఇద్దరి గురించీ నేను వేరేగా ఆలోచిస్తాను. మూడూ విడివిడిగా చెప్పండి, ఎక్కడ నొక్కారో చెప్పండి, కంటిపాపలు చెప్పండి.

ఎప్పుడు ఫోన్ చెయ్యాలో కూడా చాలామందికి తెలీదు. బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు రాసే నైస్ సంస్థ గైడ్‌లైన్ లెక్క బాగుంటుంది: మొత్తంలో ఒక పాయింట్ తగ్గి అరగంట పాటు అలాగే ఉంటే డాక్టర్ వచ్చి చూడాలి, అది ఎం లో తగ్గితే మరీ ముఖ్యం. ఎం లో రెండు, లేదా ఈ లోనో వీ లోనో మూడు తగ్గితే అరగంట ఆగక్కర్లేదు. కొత్తకేప్ ఫోన్ చెయ్యడం సరైన పనే. ఆ డాక్టర్ పరుగున రావడం కూడా.

కొత్తకేప్:
థాంక్యూ సార్, థాంక్యూ అక్కా. పొద్దున రౌండ్స్‌లో మెడ పక్క నొక్కి చూశారు, చెయ్యి కాలర్ బోన్ దాటి పైకి వచ్చింది. ఎం5 గానే ఉన్నాడు. ఇప్పుడు మా చార్ట్‌లో ఎం పక్కన "ఎక్కడ" అని చిన్న గడి పెట్టమని ఇన్‌చార్జి సిస్టర్‌ని అడుగుదామనుకుంటున్నా.

గ్లాస్గో_గోంగూర:
నేనుండేది ఈ స్కేలు పుట్టిన ఊళ్ళోనే కాబట్టి కాస్త కథ చెప్తా, భరించండి. 1974 లో గ్రాహం టీస్‌డేల్, బ్రయన్ జెనెట్ అనే ఇద్దరు న్యూరోసర్జన్లు లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఈ స్కేలు గురించి రాశారు. అంతకుముందు ఒక డాక్టర్ "మగత" అంటే ఇంకో డాక్టర్ "సెమీ కోమా" అనేవాడు, రాత్రికి రాత్రి పేషెంట్ దిగజారాడా, లేక డాక్టర్ మారాడా అన్నది ఎవరికీ తేలేది కాదు. మన దగ్గర కేస్‌షీట్లలో ఇప్పటికీ "సెమీ కాన్షస్" అని కనబడుతుంది కదా, అదే జబ్బు. వాళ్ళు చేసిందల్లా బొమ్మ గీసినట్టు కళ్ళు ఏం చేశాయి, నోరు ఏం చేసింది, చెయ్యి ఏం చేసింది అని విడగొట్టడం. కొత్త నర్సయినా పెద్ద సర్జనయినా ఒకటే రాయగలగాలన్నది వాళ్ళ ఉద్దేశం. చేతి కదలికలో మొదట ఐదు మెట్లే ఉండేవి. మామూలుగా లాక్కోవడాన్నీ అసాధారణంగా ముడుచుకోవడాన్నీ తర్వాత విడదీస్తే ఆరయ్యాయి.

2014 లో నలభై ఏళ్ళయిన సందర్భంగా దాన్ని సవరించారు. ఇప్పుడు "నొప్పి" అనరు, "ఒత్తిడి" అంటారు. నొక్కే చోట్లు అక్క చెప్పిన మూడే. రొమ్ము మీద రుద్దడం అందులో లేదు. ఇక్కడ ట్రైనింగ్‌లో ఎవరైనా పిడికిలి బిగిస్తే సీనియర్లు ఒక చూపు చూస్తారు.

ఇంకో మార్పు ముఖ్యం. చూడటం కుదరని దానికి 1 రాయకూడదు. కళ్ళు వాచి మూసుకుపోయాయనుకోండి, గొంతులో ఊపిరి కోసం వేసిన ట్యూబ్ ఉందనుకోండి, అక్కడ ఎన్‌టీ అని రాయాలి. 1 అంటే "చూశాను, స్పందన లేదు" అని. ఎన్‌టీ అంటే "చూడటానికి వీల్లేదు" అని.

మంజీర:
నేను నర్సునీ కాదు, డాక్టర్నీ కాదు. గూగుల్‌లో వెతుకుతూ ఇక్కడికొచ్చాను. మా నాన్నగారికి మెదడులో రక్తస్రావం, ఒక ప్రైవేట్ ఆస్పత్రి ఐసీయూలో ఉన్నారు. షిఫ్టు మారినప్పుడల్లా ఒకరొచ్చి గిచ్చడం, రొమ్ము మీద రుద్దడం. నిన్న చొక్కా తీసి చూస్తే ఛాతీ మీద నల్లగా కమిలి ఉంది. గోళ్ళు నీలంగా ఉన్నాయి. ఆయన నోరెత్తి వద్దనలేరని కదా ఇలా చేస్తున్నారు? మీరంతా ఇక్కడ ఎం4, ఎం5 అని మాట్లాడుకుంటుంటే నాకు కడుపు మండిపోతోంది. ఆయనకి నొప్పి తెలుస్తుందా తెలీదా, అది ఒక్కటి చెప్పండి.

న్యూరోవార్డు_అక్క:
అమ్మా, నీ కోపం న్యాయమైనదే. ఛాతీ కమలడం మాత్రం జరగకూడదు. నాన్నగారు రక్తం పల్చబడే మాత్రలు వాడేవారేమో కనుక్కో, వయసు పైబడినవాళ్ళకీ ఆ మాత్రలు వాడేవాళ్ళకీ చిన్న ఒత్తిడికే చర్మం కింద రక్తం చేరుతుంది. రేపు డ్యూటీ సిస్టర్‌తో నెమ్మదిగా చెప్పు: "రొమ్ము మీద వద్దండి, మెడ పక్క చూడండి, వేళ్ళు మార్చి మార్చి చూడండి" అని. గోరు నడిమధ్యలో కాకుండా వేలి కొస పక్కన నొక్కితే గోరు నీలం అవ్వదు. మంచి సిస్టర్లయితే మాట పట్టుకోరు.

అయితే పరీక్షే వద్దని మాత్రం అనకు. మెదడులో రక్తస్రావం అయినవాళ్ళకి లోపల ఒత్తిడి పెరుగుతుంటే స్కానింగ్ కంటే ముందు మాకు తెలిసేది ఇలాగే. నిన్న నా చెయ్యి తోసేసిన మనిషి ఇవాళ ఊరికే లాక్కుంటున్నాడంటే ఒక్క నిమిషం కూడా ఆగం.

నువ్వు చెయ్యగల పని ఒకటుంది. విజిటింగ్ టైంలో సిస్టర్ పక్కనుండగా నువ్వే చెవి దగ్గర పిలువు, ఇంట్లో ఎలా పిలుస్తావో అలాగే. "నాన్నా, రెండు వేళ్ళు చూపించు" అను. కూతురి గొంతుకి పలికినవాళ్ళని నేను చూశాను. మాట విని చేస్తే ఎం6, ఇక ఆ పూట నొక్కాల్సిన పనే లేదు. "నా చెయ్యి పట్టుకో" అని మాత్రం అడగకు. అరచేతిలో వేలు పెడితే బిగించడం పసిపిల్లల్లా రిఫ్లెక్స్ కావచ్చు. అడిగినా, పట్టుకున్నాక "వదిలెయ్" అని కూడా అడగాలి.

కత్తిడాక్టర్:
"నొప్పి తెలుస్తుందా" అన్నదానికి జవాబు. చెయ్యి లాక్కోవడం ఒకటి, నొప్పిని అనుభవించడం ఇంకొకటి. మొదటిది మేం చూడగలం. రెండోది బయట నుంచి ఊహించడమే. లోతైన కోమాలో అనుభవం ఉండదనే ఎక్కువగా భావిస్తారు. కానీ 2006 లో ఏడ్రియన్ ఓవెన్ బృందం ఒక అమ్మాయి మీద చేసిన పరిశోధన చాలామంది నోళ్ళు మూయించింది. కళ్ళు తెరిచి ఉంటుంది, ఏ మాటకీ బదులివ్వదు. ఎంఆర్ఐలో పెట్టి "టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకో" అంటే, ఆరోగ్యవంతుల మెదడులో ఏ భాగం వెలుగుతుందో ఆవిడకీ అదే వెలిగింది. 2024 లో చాలా ఆస్పత్రులు కలిసి చేసిన అధ్యయనంలో, పడక దగ్గర మాటకి ఏ స్పందనా లేనివాళ్ళలో నాలుగో వంతు మంది మెదడు లోపల మాట విని ప్రయత్నిస్తున్నట్టు తేలింది.

అందుకే నా జూనియర్లకి ఒకటే చెప్తా, పేషెంట్ వింటున్నాడనే అనుకోండి. నొక్కబోయే ముందు "పెద్దాయనా, భుజం దగ్గర నొక్కుతున్నా, కాస్త నొప్పిగా ఉంటుంది" అని చెప్పండి. అటెండెంట్లు పక్కనుంటే వాళ్ళకీ చెప్పండి.

మంజీర:
ఇంత వివరంగా అక్కడెవరూ చెప్పలేదు. మాత్రలు వాడేవారు, గుండెకి స్టెంట్ వేశారు. రేపు మాట్లాడతాను.

108బండి:
రోడ్డు మీద మా లెక్క ఇంత సూక్ష్మంగా ఉండదు. పడినవాడి దగ్గరికి వెళ్ళగానే ఏవీపీయూ చూస్తాం. తెలివిగా ఉన్నాడా, పిలిస్తే పలుకుతున్నాడా, నొప్పికి కదులుతున్నాడా, దేనికీ లేదా, నాలుగే మెట్లు. బండి ఎక్కించాక తీరిక ఉంటే జీసీఎస్. బైక్ ప్రమాదాల్లో మెడ కదలకూడదు కాబట్టి తల ఊగేలా మేం ఎక్కడా నొక్కం. చేతులకీ కాళ్ళకీ చలనం లేదు గానీ నొప్పికి మొహం చిట్లిస్తున్నాడంటే మెదడు కంటే ముందు మెడ ఎముకల్ని అనుమానిస్తాం.

నొప్పి పెట్టేముందు షుగర్ చూడండి బాబూ అని మాత్రం అందరికీ చెప్తా. పొద్దున ఇన్సులిన్ పొడిచేసుకుని ఏమీ తినకుండా పొలం పోతారు. చెట్టు కింద పడిపోయి ఉంటాడు, చెమటలు, ఒక పక్క చెయ్యి పడిపోయినట్టుంటుంది. పక్షవాతం అని ఇంట్లోవాళ్ళు ఏడుపు. గ్లూకోమీటర్ పెడితే షుగర్ పాతాళంలో. నరంలో గ్లూకోజ్ ఎక్కుతుండగానే లేచి కూర్చుని "నన్నెక్కడికి తీసుకెళ్తున్నారు" అంటాడు.

పల్లెబాబాయ్:
మా వైపు పడిపోయినవాడి ముక్కు దగ్గర ఉల్లిపాయ నలిపి పెడతారు. ఫిట్స్ అయితే చేతిలో తాళాల గుత్తి. లేవకపోతే మొహాన నీళ్ళు కొట్టి, నోట్లో కూడా రెండు గుక్కలు పోస్తారు. అది కూడా మీరు చేసే పరీక్షలాంటిదే కదా?

108బండి:
బాబాయ్, ఉల్లిపాయ వల్ల కళ్ళు మండుతాయి తప్ప పెద్ద నష్టం లేదు, టైం పోతుందంతే. తాళాల వల్ల ఫిట్స్ ఆగవు, ఫిట్స్ చాలావరకు రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి, క్రెడిట్ తాళాలకి పోతుంది. నోట్లో నీళ్ళు మాత్రం దయచేసి పొయ్యొద్దు. స్పృహ లేనివాడికి మింగడం రాదు, నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. దెబ్బ తగల్లేదని ఖాయంగా తెలిస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, 108 కి ఫోన్ చెయ్యండి.

మత్తుమందు:
ఆలస్యంగా వచ్చాను, మా వైపు నుంచి రెండు మాటలు. ఐసీయూలో స్కోరు వేసేముందు ఇన్ఫ్యూజన్ పంపుల వైపు ఒకసారి చూడండి. మిడజోలాం, ఫెంటానిల్ లాంటి మత్తు, నొప్పి మందులు నడుస్తుంటే మీరు చూసేది మందుని, మెదడుని కాదు. వెకురోనియం లాంటి కండరాలు సడలించే మందు ఇచ్చి ఉంటే మరీ ప్రమాదం. మనిషికి పూర్తి స్పృహ ఉండి, మీ ఒత్తిడి మొత్తం తెలిసి కూడా వేలు కదపలేడు. ఆపరేషన్ థియేటర్‌లో మా అందరికీ ఉండే భయం అదే. ట్యూబ్ వేసే ముందు చూసిన జీసీఎస్ రాసి పెట్టుకుంటే తర్వాత వారం రోజులూ ఉపయోగపడుతుంది.

ట్యూబ్ ఉన్నవాళ్ళకి ఫోర్ (FOUR) స్కోర్ అనే ఇంకో స్కేలు బాగుంటుంది. 2005 లో అమెరికాలోని మేయో క్లినిక్ వాళ్ళు తెచ్చారు. మాట అన్న విభాగమే లేదు, కళ్ళు, చలనం, మెదడు కాండం రిఫ్లెక్సులు, ఊపిరి, ఒక్కోటి 0 నుంచి 4. పైగా కళ్ళు పైకీ కిందకీ కదపమని అడుగుతారు కాబట్టి లాక్డ్-ఇన్ అయినవాళ్ళు దొరికిపోతారు. వాళ్ళకి స్పృహ పూర్తిగా ఉంటుంది, కళ్ళు పైకీ కిందకీ కదపడం, రెప్ప వెయ్యడం తప్ప ఇంకేదీ చెయ్యలేరు. చేతులు నొక్కి "ఎం1" రాసేసి పక్క బెడ్‌కి వెళ్ళిపోతే ఆ మనిషి గతేం కావాలి?

కత్తిడాక్టర్:
మత్తుమందు గారూ, మీరొచ్చారు కాబట్టి పాత గొడవ. జీసీఎస్ 8 అయితే ట్యూబ్ వెయ్యాలని మా హెడ్ ఇంజురీల్లో నేను గట్టిగా పట్టుబడతాను. మీవాళ్ళు క్యాజువాలిటీలో నాన్చుతారు.

మత్తుమందు:
హెడ్ ఇంజురీలో నేనెప్పుడూ నాన్చలేదు. నాన్చేది మద్యం తాగి, నిద్రమాత్రలు మింగి వచ్చినవాళ్ళ దగ్గర. ఫ్రాన్స్‌లో విషప్రయోగంతో కోమాలో ఉన్నవాళ్ళ మీద ట్రయల్ చేసి 2023 లో ప్రచురించారు. స్కోరు 9 లోపు ఉన్నా కనిపెట్టుకుని ఉండి, అవసరమైతేనే ట్యూబ్ వేసినవాళ్ళకే మేలు జరిగింది. అయితే అందులో మన పురుగుల మందు కేసులు కలుపుకోకండి. ఆర్గానోఫాస్ఫేట్ తాగినవాడికి నోట్లో, ఊపిరితిత్తుల్లో స్రావాలు పొంగుతాయి, ఊపిరి కండరాలు ఎప్పుడు చేతులెత్తేస్తాయో తెలీదు. అక్కడ జీసీఎస్ 13 ఉన్నా నేను ట్యూబ్ వేసే ట్రే సిద్ధంగా పెట్టుకుంటా. నంబర్ చూసి కాదు, వాడు తన ఉమ్ముని తాను మింగగలడా, దగ్గగలడా అన్నది చూసి వేస్తా.

కత్తిడాక్టర్:
దీనికి ఒప్పుకుంటా. కానీ సీటీకి కిందికి పంపేటప్పుడు ఈ2 వీ2 ఎం4 వాడిని ట్యూబ్ లేకుండా పంపితే మాత్రం గొడవపడతా.

తెరచాప:
బ్రెయిన్ డెత్ అని చెప్పిన మా బంధువు కాలు గిచ్చితే కదిలింది. డాక్టర్లు రిఫ్లెక్స్ అన్నారు. ఇంట్లో సగం మంది ఇప్పటికీ నమ్మట్లేదు, అవయవాల కోసం తొందరపడ్డారంటున్నారు.

కత్తిడాక్టర్:
పైన కాళ్ళ గురించి చెప్పింది ఇదే. మెదడు పూర్తిగా ఆగిపోయినా వెన్నుపాముకి రక్తం అందుతూనే ఉంటుంది కాబట్టి కాలు ముడుచుకోవడం, వేళ్ళు కదలడం, అరుదుగా చేతులు లేవడం కూడా ఉంటాయి. చూసేవాళ్ళకి అది భయంకరమే. అందుకే బ్రెయిన్ డెత్ పరీక్షలో నొప్పి కనుబొమ దగ్గర పెడతారు. మొహంలో గానీ ఎక్కడైనా గానీ మెదడు నుంచి జవాబు రాకూడదు. అదొక్కటే కాదు. కంటిపాపలు, కనుగుడ్డు మీద తాకితే రెప్ప, చెవిలో చల్లనీళ్ళు, దగ్గు, చివరికి వెంటిలేటర్ ఆపి ఊపిరి తీసుకుంటాడా అని చూస్తారు. 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు డాక్టర్ల బృందం ఉండాలి, ఇదంతా కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు చెయ్యాలి, అవయవ మార్పిడి చేసే టీం వాళ్ళు అందులో ఉండకూడదు. సర్టిఫికెట్ ఫారం మీవాళ్ళకి చూపించమని అడగండి, రెండు టైములూ దాని మీద ఉంటాయి.

నార్సెట్‌2:
సీరియస్ చర్చ మధ్యలో నర్సు పోటీపరీక్ష ప్రశ్న, సారీ. పిల్లలకి ఏం వాడాలి? మాటలు రాని పాపకి "ఇది ఏ నెల" అని అడగలేం కదా.

న్యూరోవార్డు_అక్క:
పిల్లలకి వీ విభాగం మారుతుంది. కబుర్లాడుతూ నవ్వితే 5, చిరాకుగా ఏడిస్తే 4, నొప్పికి మాత్రమే ఏడిస్తే 3, నొప్పికి మూలిగితే 2. మెదడుకి మలేరియా సోకిన చిన్నపిల్లల కోసం ఆఫ్రికాలోని మలావీలో బ్లాంటైర్ స్కేలు తయారుచేశారు, అది 0 నుంచి 5 వరకే. ఏజెన్సీ ఏరియాలో పోస్టింగ్ వస్తే గుర్తుంచుకో. పెద్దవాళ్ళయినా భాష సంగతి చూసుకో. ఒడిశా నుంచి ఇటుక బట్టీ పనికొచ్చినతన్ని తెలుగులో అడిగి, జవాబు చెప్పలేదని వీ4 రాసేవాళ్ళున్నారు.

నార్సెట్‌2:
థాంక్యూ అక్కా. చివరిది. రెండు కళ్ళూ వాచి మూసుకుపోయాయి, ట్యూబ్ ఉంది, నొక్కితే రెండు చేతులూ బిగుసుకుని చాపుకుంటున్నాయి. మా కోచింగ్‌లో "ఈ1 వీ1 ఎం2, మొత్తం 4" అని చెప్పారు.

గ్లాస్గో_గోంగూర:
ఈ ఎన్‌టీ, వీ ఎన్‌టీ, ఎం2. మొత్తం వెయ్యకూడదు, ఎందుకు చూడలేకపోయారో పక్కన రాయాలి. పరీక్షలో ఆప్షన్లలో ఎన్‌టీ లేకపోతే కోచింగ్ జవాబే పెట్టు. వార్డులో మాత్రం అలా రాయకు.